84-ఎల్: బోదకాలు మాత్ర వెనక ఉన్న టెస్టింగ్ కథ

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో టెస్టింగ్ వాళ్ళంటే ఒక చిన్నచూపు ఉంది. కోడ్ రాసేవాడు హీరో, టెస్ట్ చేసేవాడు ఆ హీరో వదిలేసిన పురుగులు ఏరే గుమస్తా అన్నట్టు మాట్లాడతారు మనవాళ్ళు. మందుల చరిత్ర చదువుతుంటే నాకు దీనికి సరిగ్గా తిరగేసిన బొమ్మ కనిపిస్తూ ఉంటుంది. గత తొంభై ఏళ్ళలో ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన మందుల్లో రెండు చాలా పెద్దవి, అణువుని కట్టిన తెలివి ఎంతో, దాన్ని దేంట్లో పెట్టి పరీక్షించాలో నిర్ణయించిన తెలివీ అంతే ఉండబట్టి బయటపడ్డాయి. వాటిలో ఒకటి జర్మనీది. రెండోదాని వెనక ఉన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

రెండోదాన్ని మీలో చాలామంది మింగే ఉంటారు. కనీసం మింగినట్టు నటించి జేబులో వేసుకుని ఉంటారు. డైఇథైల్‌కార్బమజీన్. అంత పొడుగు పేరు ఎవరంటారు గానీ, డీఈసీ అంటారు. బోదకాలు మాత్ర అంటే అందరికీ తెలుస్తుంది. బానోసైడ్ అనే పేరుతో మందుల షాపుల్లోనూ దొరికేది.

మాది తెనాలి పక్కన అంగలకుదురు. కృష్ణా కాలవలు, మురుగు కాలవలు, వరి పొలాలు, వాటితో పాటు ఉచితంగా దోమలు. మాగాణి చూసి పిల్లనిచ్చే రోజుల్లో, ఆ మాగాణితో పాటు బోదకాలు కూడా వస్తుందేమోనని భయపడేవాళ్ళట. డెల్టాలో పుట్టి పెరిగినవాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. ప్రతి ఊళ్ళోనూ ఒక కాలు స్తంభంలా వాచిపోయిన పెద్దావిడో, పంచె కిందకి దించి కట్టుకుని అరుగు దిగని పెద్దాయనో ఉండేవాళ్ళు. మా నాయనమ్మ కుడి కాలు అలాగే ఉండేది. ఆవిడ పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేసింది. ఎందుకు వెళ్ళదో మాకు చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు.

ఈ జబ్బుకి కారణం ఉకెరేరియా బాంక్రాఫ్టీ అనే దారం లాంటి పురుగు. పెద్ద పురుగులు మన శరీరంలో లింఫు నాళాల్లో ఏళ్ళ తరబడి కాపరం ఉంటాయి. అవి కన్న పిల్లలు, అంటే మైక్రోఫైలేరియాలు, రక్తంలోకి వస్తాయి. తమాషా ఏంటంటే మన దేశంలో అవి పగలు ఊపిరితిత్తుల్లోని రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి పది నుంచి రెండు మధ్యలో బయటి రక్తంలోకి వస్తాయి. ఎందుకంటే వీటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేది రాత్రిపూట! క్రాన్ జాబ్ పెట్టినట్టు టైము ప్రకారం నడుస్తుంది వ్యవహారం. ఫైలేరియా వాళ్ళు రాత్రిపూట వచ్చి వేలికి సూది గుచ్చి రక్తం తీసుకునేది అందుకే. పగలు తీస్తే స్లయిడు మీద ఏమీ కనిపించకపోవచ్చు. టెస్ట్ సరైనదే అయినా, పెట్టిన టైము తప్పయితే ఫలితం తప్పు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ముందు జర్మనీ కథ చెప్పుకుందాం. 1930ల మొదట్లో ఐ.జి. ఫార్బెన్ అనే రంగుల కంపెనీలో, అంటే బేయర్ అప్పట్లో దాంట్లో భాగం, గెర్హార్డ్ డోమాక్ అనే డాక్టరు పనిచేసేవాడు. క్లారర్, మీచ్ అనే ఇద్దరు కెమిస్టులు రంగు పదార్థాలు వరసగా తయారుచేసి ఇస్తుంటే ఈయన వాటిని పరీక్షించేవాడు. బట్టకి పట్టుకునే రంగు బాక్టీరియాకి కూడా పట్టుకుంటుందేమో, పట్టుకుని చంపుతుందేమో అన్నది వాళ్ళ ఆశ. 1932 చివర్లో ఒక ఎర్ర రంగు వచ్చింది. గాజు పాత్రలో బాక్టీరియా మీద పోస్తే దానికి చీమ కుట్టినట్టయినా లేదు. వేరే లాబ్ అయితే అక్కడితో టికెట్ క్లోజ్ చేసేసేది. కానీ డోమాక్ పద్ధతి వేరు. ఆయన స్ట్రెప్టోకాకస్ ఎక్కించిన ఎలుకల్లో పరీక్షించేవాడు. మందు ఇవ్వని ఎలుకలు చచ్చిపోయాయి, ఇచ్చినవి బతికాయి. అదే ప్రాంటోసిల్, సల్ఫా మందులన్నిటికీ పెద్దన్న.

గాజులో చచ్చు మందు ఎలుకలో ఎలా పనిచేసింది? 1935లో పారిస్ పాస్టర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ముడి విప్పారు. ఆ ఎర్ర రంగు ఒంట్లోకి వెళ్ళాక రెండు ముక్కలవుతుంది. రంగు ముక్క దండగ. రెండో ముక్క, సల్ఫనిలమైడ్, అసలు మందు. అంటే జర్మన్లు ఇచ్చింది జిప్ ఫైలు, దాన్ని విప్పింది ఎలుక ఒళ్ళు! పైగా ఈ సల్ఫనిలమైడ్‌ని 1908లోనే ఒకాయన తయారుచేసి పెట్టాడు. పేటెంటు ఎప్పుడో ముగిసిపోయింది. దాంతో ఎవరు పడితే వాళ్ళు చేసుకోవడం మొదలెట్టారు.

ఇక్కడే ఒక ఘోరం కూడా జరిగింది, దాన్ని చెప్పకుండా ముందుకెళ్ళకూడదు. 1937లో అమెరికాలో ఒక కంపెనీ సల్ఫనిలమైడ్‌ని తియ్యటి టానిక్‌లా అమ్మింది. మందు మంచిదే. కలపడానికి వాడిన ద్రావకం డైఇథిలీన్ గ్లైకాల్, అది కిడ్నీల్ని చంపే విషం. రుచి చూశారు, వాసన చూశారు, రంగు చూశారు, విషమా కాదా మాత్రం చూడలేదు. వందమందికి పైగా పోయారు, అందులో చాలామంది పిల్లలు. అమ్మే ముందు భద్రత నిరూపించాలన్న చట్టం అమెరికాలో 1938లో వచ్చింది దీనివల్లే. లైబ్రరీలో బగ్ ఉంటే మన కోడ్ ఎంత శుభ్రంగా ఉండి ఏం లాభం?

ఇప్పుడు సుబ్బారావు గారి దగ్గరకొద్దాం. 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆయనకీ అదే వచ్చింది, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకుని సర్జరీకి వెళ్ళినందుకు ప్రొఫెసర్‌కి కోపమొచ్చింది. పూర్తి డిగ్రీ రాలేదు, ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్టుతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. 1922లో అమెరికా వెళ్ళారు, మళ్ళీ తిరిగి రాలేదు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు, ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద పనిచేశారు. ఇవన్నీ మీరు ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ లాబొరేటరీస్‌కి వెళ్ళారు, కొద్దికాలానికే అక్కడ రీసెర్చ్ డైరెక్టర్ అయ్యారు.

లెడర్లీలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. దాని నిర్మాణం మరుసటి ఏడాది ప్రకటించారు. దీన్ని మనవాళ్ళు విటమిను కథగా చెప్తారు గానీ, నా దృష్టిలో ఇది సల్ఫా మందుల కథకి చివరి అధ్యాయం. ఎలాగంటారా? 1940లో డొనాల్డ్ వుడ్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఒక విషయం గమనించాడు. సల్ఫా మందు పక్కన పాబా అనే చిన్న పదార్థం వేస్తే మందు పనిచెయ్యడం మానేస్తోంది. రెండింటి ఆకారం దాదాపు ఒకటే. మరి బాక్టీరియాకి పాబా ఎందుకంత అవసరం? ఫోలిక్ ఆసిడ్ నిర్మాణం బయటపడ్డాక జవాబు దొరికింది. దాంట్లో మధ్య ముక్క పాబానే! బాక్టీరియా పాబా తెచ్చుకుని ఫోలిక్ ఆసిడ్ అల్లుకుంటుంది. పాబా వేషం వేసుకుని సల్ఫా వస్తే, ఎంజైము మోసపోయి దాన్ని పట్టుకుంటుంది, అల్లిక ఆగిపోతుంది. మనుషులు ఫోలిక్ ఆసిడ్ తయారుచేసుకోరు, ఆకుకూరల్లోంచి తెచ్చుకుంటారు. కాబట్టి మందు బాక్టీరియాని పెరగనివ్వకుండా ఆపి మనల్ని వదిలేస్తుంది. దొంగ ఐడీ కార్డుతో లోపలికి దూరే పద్ధతి ఇది. ఇలా నకిలీ ముక్కలు డిజైన్ చేసి మందులు చెయ్యొచ్చన్న ఆలోచన బలపడింది. లెడర్లీలో వచ్చిన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా ఇదే దారిలో వచ్చి కాన్సర్ మీద పనిచేశాయి.

అన్నట్టు, స్ప్రూ రోగులకి ఫోలిక్ ఆసిడ్ గొప్పగా పనిచేస్తుంది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బుకి మందు ఆయన చేతుల మీదుగా పాతికేళ్ళ పైచిలుకు తర్వాత వచ్చింది.

ఇక 84-ఎల్. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకి వెళ్ళిన అమెరికన్ సైనికుల్లో పదివేల మందికి పైగా ఫైలేరియా సోకింది. అప్పటిదాకా ఉన్న మందులు ఆర్సెనిక్, ఆంటిమొనీ రకాలు. పురుగుతో పాటు మనిషికీ విషమే. లెడర్లీ వాళ్ళు కొత్త మందు వెతకడం మొదలెట్టారు. మొదటి చిక్కు ఏంటంటే మనిషికి వచ్చే పురుగు మామూలు లాబ్ ఎలుకల్లో బతకదు. దాంతో రెడ్జినాల్ హెవిట్ నడిపిన పరీక్షల్లో కాటన్ ర్యాట్ అనే అమెరికన్ పొలం ఎలుకని తీసుకున్నారు. దానికి సహజంగానే లిటోమొసాయిడిస్ అనే ఫైలేరియా జాతి పురుగు ఉంటుంది. మన పురుగు కాదు, దాని పినతల్లి బిడ్డ అనుకోండి. ప్రొడక్షన్ సర్వర్ మీద చెయ్యి పెట్టలేనప్పుడు దానికి దగ్గరగా ఉండే స్టేజింగ్ వెతుక్కోవడం లాంటిదే ఇది. సామ్యూల్ కుష్నర్ వగైరా కెమిస్టులు పదార్థాలు అందించడం, హెవిట్ జట్టు ఎలుకలకి ఇచ్చి రక్తంలో పురుగులు లెక్కపెట్టడం. అలా వెళ్తూ వెళ్తూ పైపరజీన్ అనే ఉంగరం చుట్టూ కట్టిన ఒక పదార్థం దగ్గర ఆగారు. దాని లాబ్ నంబరు 84-ఎల్. రక్తంలోంచి మైక్రోఫైలేరియాలు చకచకా మాయమయ్యాయి. కుక్కల్లోనూ పనిచేసింది. 1947లో ఆ ఫలితాలు ప్రచురించారు, వ్యాసం రాసినవాళ్ళ పేర్లలో సుబ్బారావు గారిది ఉంది. అదే ఏడాది ప్యూర్టోరికోలో మనుషుల మీద ప్రయత్నం. పెట్టిన పేరు హెట్రజాన్.

ఇక్కడ ఒక మాట. మన పేపర్లలో ‘సుబ్బారావు గారు ఒంటిచేత్తో బోదకాలు మందు కనిపెట్టారు’ అని రాసేస్తుంటారు. అలా రాస్తే ఆయనకి గౌరవం పెరగదు. ఆయన చేసింది ఇంకా కష్టమైన పని. కెమిస్టునీ, ఎలుకల దగ్గర కూర్చునేవాణ్ణీ, డాక్టరునీ ఒక వరసలో పెట్టి, వారం వారం ఒకరి ఫలితం ఇంకొకరికి అందేలా నడపడం. టీమ్ నడిపిన వాళ్ళకి తెలుస్తుంది అది ఎంత పనో.

అసలు విశేషం 1950లో తెలిసింది. బ్రిటన్‌లో ఫ్రాంక్ హాకింగ్ అనే పరాన్నజీవుల నిపుణుడు ఈ మందు ఎలా పనిచేస్తుందో చూశాడు. (అవునండీ, స్టీఫెన్ హాకింగ్ వాళ్ళ నాన్నే.) గాజు పాత్రలో మైక్రోఫైలేరియాల మీద మందు పోస్తే అవి హాయిగా ఈదుతూనే ఉన్నాయి! శరీరంలో మాత్రం మందు పడగానే అవి కాలేయంలో చిక్కుకుంటాయి, అక్కడి రక్షణ కణాలు వాటిని మింగేస్తాయి. అంటే మందు పని పోలీసులకి దొంగని చూపించడం, పట్టుకునే పని మన ఒంటిదే. లెడర్లీ వాళ్ళు ముందు గాజు పాత్రలో వడపోసి, అందులో పాసైనవే ఎలుకలకి ఇద్దాం అనుకుని ఉంటే 84-ఎల్ చెత్తబుట్టలోకి పోయేది. ప్రాంటోసిల్ గతి కూడా అంతే అయ్యేది. రెండు మందులూ యూనిట్ టెస్టులో ఫెయిల్, ఇంటిగ్రేషన్ టెస్టులో పాస్.

ఇదేదో పాతకాలపు ముచ్చట అనుకోకండి. 1995లో మొదటిసారి ఒక బాక్టీరియా జీనోమ్ మొత్తం చదివాక, మందుల కంపెనీలకి ఒక ఉత్సాహం వచ్చింది. బాక్టీరియాకి అత్యవసరమైన ప్రోటీన్లు ఒక్కొక్కటిగా తీసి, ట్యూబులో పెట్టి, లక్షల రసాయనాలు రోబోలతో పరీక్షిస్తే కొత్త యాంటీబయాటిక్‌లు కుప్పలుగా రావాలి కదా? గ్లాక్సో వాళ్ళు 1995 నుంచి 2001 దాకా అలాంటి స్క్రీనింగులు 70 చేశారు. ముందుకు తీసుకెళ్ళదగ్గవి దొరికినవి 5. ఆ సంగతి వాళ్ళే 2007లో నిజాయితీగా రాశారు. ట్యూబులో ప్రోటీన్‌ని పట్టుకోవడం వేరు, బ్రతికున్న బాక్టీరియా గోడ దాటి లోపలికి వెళ్ళడం వేరు, వెళ్ళాక అది బయటికి తోసెయ్యకుండా నిలబడటం వేరు. లోకల్ మెషీన్లో పనిచేస్తోంది సార్ అన్న మాట ఎన్నిసార్లు వినలేదు మనం!

2020లో ఎం.ఐ.టి. వాళ్ళు ఏఐతో హాలిసిన్ అనే యాంటీబయాటిక్ గుణమున్న అణువుని పట్టుకున్నారు. అందరూ మోడల్ గురించి మాట్లాడారు. నాకు నచ్చింది డేటా. రెండువేల మూడొందల పైచిలుకు అణువుల్ని బతికున్న ఈ-కోలై మీద వేసి, పెరిగిందా లేదా చూసి ఆ ఫలితాలతో మోడల్‌కి నేర్పారు. ప్రశ్న సరిగ్గా అడిగారు కాబట్టి జవాబు వచ్చింది. డోమాక్ ఎలుకల పంజరం దగ్గర చేసిన పనికి ఇది దూరపు చుట్టమే.

మరి మన హైదరాబాదు సంగతి? 1960ల్లో సోవియట్ సాయంతో ఐడీపీఎల్ సింథటిక్ డ్రగ్స్ ప్లాంటు వచ్చింది. 1970 పేటెంట్ చట్టం మందుల ‘పద్ధతి’కే పేటెంటు అంది, వస్తువుకి లేదంది. ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చిన వాళ్ళు సొంత కంపెనీలు పెట్టారు. మా గుంటూరు జిల్లా తాడేపల్లిలో పుట్టిన అంజిరెడ్డి గారు వాళ్ళలో ఒకరు. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి కృత్రిమ యాంటీబయాటిక్‌లు సామాన్యుడి ధరకి రావడంలో హైదరాబాదు పాత్ర చిన్నది కాదు. 1993లో కొత్త అణువుల కోసం ఆయన రీసెర్చ్ ఫౌండేషన్ కూడా పెట్టారు. 1997లో నోవో నార్డిస్క్‌కి లైసెన్స్ ఇచ్చిన అణువు మాత్రం డయాబెటిస్‌ది. తప్పు పట్టడానికేం లేదు. జీవితాంతం వేసుకునే మాత్రకి ఉన్న లెక్క ఐదు రోజుల కోర్సుకి ఉండదు. 2018లో కొత్త యాంటీబయాటిక్‌కి అనుమతి తెచ్చుకున్న అకావోజెన్ అనే అమెరికన్ కంపెనీ 2019లో దివాలా తీసింది. అదీ మార్కెట్ పరిస్థితి.

నాణేనికి రెండో వైపు పటాన్‌చెరు. అక్కడి మందుల కంపెనీల వ్యర్థ జలాలు శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్ళలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ! బాక్టీరియాకి మనమే ఉచిత కోచింగ్ సెంటర్ పెట్టినట్టు. మందులకి లొంగని బాక్టీరియా వల్ల 2019 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని లెక్క. కొత్త మందులు రాకపోతే ఈ అంకె తగ్గదు.

ఇంతకీ బోదకాలు. మన దేశంలో ఫైలేరియా కార్యక్రమం 1955లో మొదలైంది. 2004 నుంచి జబ్బు ఉన్న జిల్లాల్లో ఏడాదికోసారి అందరికీ మాత్రలు పంచడం దేశవ్యాప్తంగా జరిగింది, తర్వాత ఆల్బెండజోల్ కలిపారు, ఇటీవల కొన్నిచోట్ల ఐవర్‌మెక్టిన్ కూడా. హాకింగ్ పెద్దాయన 1967లో ఉప్పులో ఈ మందు కలిపి చూశాడు. చైనా ఆ ఉప్పు దారిని పెద్దఎత్తున వాడి 2007కల్లా ఈ జబ్బు నుంచి బయటపడింది.

మన దగ్గర మందు ఉంది, పంచేవాళ్ళు ఉన్నారు, మింగేవాళ్ళే తక్కువ. మాత్రలు పంచిన ఏడాది మా అమ్మ ఫోన్ చేసి, “ఒరేయ్ అబ్బాయ్, పక్కింటావిడకి ఆ మాత్ర వేసుకుంటే జ్వరం వచ్చిందంటరా, నాకేం జబ్బు లేదుగా, నేనెందుకు వేసుకోవాలి?” అంది. నేను చెప్పింది ఇది: చాలాసార్లు ఆ జ్వరం మందు విషమై రాదమ్మా, ఒంట్లో ఉన్న పురుగులు చస్తుంటే వస్తుంది. జ్వరం వచ్చిందంటే ఆవిడకి తెలియకుండానే పురుగులు ఉన్నాయేమోనని అనుమానించాలి. వాపు రాకముందు ఏళ్ళపాటు ఏమీ తెలియదు, అంతలో దోమ ఆ పురుగుని పక్కింటికి మోస్తుంది. వాపు పూర్తిగా ముదిరాక ఈ మాత్ర కాలుని మామూలుగా చెయ్యలేదు. నాయనమ్మకి ఆలస్యమైంది, నీకు కాలేదు. గర్భిణులు, రెండేళ్ళ లోపు పిల్లలు, బాగా జబ్బు పడ్డవాళ్ళు తప్ప మిగతా అందరూ వేసుకోవాలి. అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత “అన్నం తిన్నాక వేసుకోవాలా?” అని అడిగింది. పరగడుపున వద్దు, తిన్నాకే వేసుకో అన్నాను.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో పోయారు, యాభై మూడేళ్ళకి. అమెరికన్ సైనికుల కోసం వెతికిన మందు, యుద్ధం అయిపోయాక వచ్చి, చివరికి ఆయన వదిలేసి వెళ్ళిన డెల్టాకే ఎక్కువ పనికొచ్చింది. ఆయన మీద గౌరవం ఉంటే 1995లో వేసిన తపాలా బిళ్ళ చూసి మురిసిపోతే చాలదు. మీ ఊళ్ళో మాత్రలు పంచితే ఇంట్లో పెద్దవాళ్ళ చేత మింగించండి. డాక్టరు రాయని యాంటీబయాటిక్ మెడికల్ షాపులో అడిగి కొనకండి. ఇక మన వృత్తి సంగతంటారా, ఈసారి మీ టెస్టర్ “ఇది అసలు వాడే చోట పెట్టి చూశారా?” అని అడిగితే విసుక్కోకండి. అతను అడిగింది డోమాక్ అడిగిన ప్రశ్నే.